రెసిడెన్సీ బజారు మనుషులు

హైదరాబాద్ చరిత్రను చెప్పేవారు సాధారణంగా 1591లో మొదలుపెడతారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా చేత చార్మినారు కట్టించి, సాలార్ జంగు చేత సంస్కరణలు చేయించి, ఏడవ నిజాం చేత విశ్వవిద్యాలయమూ హైకోర్టూ జంట జలాశయాలూ కట్టించి ముగిస్తారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని నగరంలోని సామాన్యుడు ఏ భాషలో చదువుకున్నాడు, ఏ పత్రిక చేతికి అందుకున్నాడు, ఆడపిల్లను ఏ బడికి పంపాడు, సభలో నిలబడి ఎవరి మాతృభాషలో మాట్లాడగలిగాడు అన్న ప్రశ్నలకు ఈ కథనంలో జవాబు దొరకదు. వాటికి జవాబు మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉంది. కోఠీ నుంచి సుల్తాన్ బజార్, కాచిగూడ, నారాయణగూడల దాకా తీరిగ్గా నడిచినా గంట పట్టని ఆ కొద్దిపాటి నేల మీద నివసించిన, పనిచేసిన మనుషులే ఆధునిక హైదరాబాదు సాంస్కృతిక జీవితానికి, ముఖ్యంగా తెలుగు జీవితానికి, రూపం ఇచ్చారని నా అభిప్రాయం.

ఆ మనుషులు అక్కడే ఎందుకు చేరారన్నదానికి కారణం కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ. 1798 నుంచి 1805 వరకు నిజాం దర్బారులో రెసిడెంటుగా, అంటే బ్రిటిషువారి ప్రతినిధిగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తలపెట్టిన ఆ భవనాన్ని మద్రాసు ఇంజనీర్లలో ఒకడైన శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేయగా, ఖర్చు మాత్రం నిజాం ఖజానా నుంచే వచ్చింది. మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నిసాను కిర్క్‌పాట్రిక్ వివాహమాడడం, వారి ఇద్దరు పిల్లలను చిన్నతనంలోనే ఇంగ్లండుకు పంపించివేయడం, అదే ఏడాది అతడు కలకత్తాలో మరణించడం, ఇవన్నీ ఇప్పుడు చాలామందికి తెలిసిన కథలు. ప్రేమకథగా దానికి వచ్చిన ప్రచారంలో మరుగున పడిపోయిన సంగతి ఒకటుంది. ఆ భవనం చుట్టూ పెరిగిన బజార్లలో న్యాయాధికారం, పోలీసు అధికారం నిజాం ప్రభుత్వానివి కావు, రెసిడెంటువి. నది దాటి ఉత్తరానికి వస్తే, ఒకే నగరంలో ఉంటూనే మనిషి మరొక చట్టం కిందికి వచ్చేవాడు.

ఈ ఏర్పాటును స్వేచ్ఛ అని పొగడడానికి వీలులేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రొహిల్లాలు, నగరవాసులు ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. పట్టుబడి, శిక్ష పడి, నిర్బంధం నుంచి తప్పించుకున్న తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరానికి తెచ్చి అందరూ చూసేలా వేలాడదీశారు. ఆ రోజుల్లో దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగు బ్రిటిషువారి పక్షానే నిలిచాడు. కనుక రెసిడెన్సీ అంటే అధికారమే. అయితే నిజాం రాజ్యంలో సభలకు ముందస్తు అనుమతులు, పత్రికల మీద ఆంక్షలు బిగిసిన కొద్దీ, ఆ రెండో అధికారపు నీడ చదువుకున్నవారికి కొంత ఊపిరి తీసుకునే చోటుగా మారింది. రెండు ప్రభుత్వాల మధ్య మిగిలిన ఆ సందును నగరవాసులు ఎలా వాడుకున్నారన్నదే అసలు కథ. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చేనాటికే ఆ పని చాలావరకు జరిగిపోయింది.

మొదట వాడుకున్నవారు తెలుగువారు కాదు. ఆర్యసమాజం 1892లో ఇక్కడే కాలు మోపింది. న్యాయవాదిగా పేరు తెచ్చుకుని తరువాత హైకోర్టు న్యాయమూర్తి అయిన కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి మరాఠీ ప్రముఖులు 1907లో వివేకవర్ధని పాఠశాలను నెలకొల్పారు. మరాఠీవారికి పుణె, బొంబాయిలతో రాకపోకలు ఉండేవి. సంస్థను ఎలా పెట్టాలి, చందాలు ఎలా పోగుచేయాలి, లెక్కలు ఎలా చూపాలి అన్నది వారికి ముందే తెలుసు. రాజ్యంలోని జనాభాలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారే అయినా, రాజధానిలో తెలుగుకు అటువంటి దన్ను లేదు. పాలన, న్యాయస్థానాలు, ఉన్నత విద్య అన్నీ ఉర్దూలోనే నడిచేవి. చదువుకున్న తెలుగువారు కూడా నలుగురిలో తెలుగు మాట్లాడడానికి వెనుకాడేవారు.

ఆ పరిస్థితిలో 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం మొదలైంది. దాని వెనుక ముగ్గురు మనుషులున్నారు. ఇల్లు ఇచ్చి, కార్యదర్శిగా బరువు మోసినవాడు రంగారావు. అండగా నిలిచినవాడు మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు. ఆలోచన ఇచ్చినవాడు మునగాల సంస్థాన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూరులో చదువుకుని, మరాఠీలోనూ రచనలు చేసినవాడు. ఒక భాష తన సొంత వాచకాలతో, చరిత్రలతో, విజ్ఞాన గ్రంథాలతో ఎలా లేచి నిలబడుతుందో మహారాష్ట్రలో కళ్లారా చూసి వచ్చిన మనిషి. తొలి తెలుగు కథకుల్లో ఒకరైన భండారు అచ్చమాంబ ఆయన అక్క అన్న విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఇంట చదువు మగవారికే పరిమితమై లేదు.

గ్రంథాలయానికి ముగ్గురిలో ఎవరూ తమ పేరు పెట్టుకోలేదు. నాలుగు వందల ఏళ్ల నాటి విజయనగర రాజు పేరు పెట్టారు. సామాన్యుల చందాలతో, ఒక ఇంటి గదిలో పుట్టిన సంస్థ కూడా గౌరవం కోసం ఒక చక్రవర్తి పేరును ఆశ్రయించడం నాకు కొంత తమాషాగా, కొంత అర్థవంతంగా కనిపిస్తుంది. రాజభాష కాని భాషకు ఒకప్పుడు రాజాస్థానం ఉండేదని గుర్తు చేయడం వారికి అవసరమైంది. రంగారావు 1910లో మరణించాక, ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గ్రంథాలయానికి సొంత గూడు ఏర్పడడానికి ధనసహాయం చేశారు. ఈ గ్రంథాలయం ఇచ్చిన ఊపుతో హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రుడి పేరుతో, సికింద్రాబాదులో 1905లో ఆంధ్ర సంవర్ధని పేరుతో మరి రెండు గ్రంథాలయాలు వెలిశాయి.

లక్ష్మణరావు అంతటితో ఆగలేదు. చదవడానికి చోటు దొరికింది సరే, చదవడానికి పుస్తకాలేవి? కావ్యాలు, శతకాలు, పురాణాలు ఉన్నాయి గాని దేశచరిత్ర గురించి, రసాయన శాస్త్రం గురించి, జీవశాస్త్రం గురించి తెలుగులో చదువుకోవాలంటే పుస్తకం లేదు. ఆ లోటు తీర్చడానికి 1906లో ఇదే హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. దాని మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. మండలి 1908లో మద్రాసుకు తరలిపోయింది కాబట్టి దానిని మద్రాసు ఖాతాలో వేసేవారు ఎక్కువ. పుట్టిన ఊరు మాత్రం ఇదే.

మండలి పుట్టిన ఆ 1906లోనే, ఇదే పరిసరాల్లో, ఈ పెద్దమనుషుల ఇళ్లలోకి అడుగుపెట్టే వీలు అంత సులభంగా లేని ఒక యువకుడు మరొక సంస్థను మొదలుపెట్టాడు. ఆయన పేరు మాదరి భాగయ్య. తరువాతి కాలంలో భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధుడయ్యాడు. 1888లో హైదరాబాదులోనే ఒక మాల కుటుంబంలో పుట్టి, 18 ఏళ్ల వయసులో జగన్మిత్ర మండలిని నెలకొల్పాడు. హరికథలు, భజనలు, ఉపన్యాసాల ద్వారా వాడవాడా తిరిగి, తాగుడు మానమని, పిల్లలను చదివించమని, ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా విడిచిపెట్టవద్దని బోధించడం ఆ మండలి పని. 1911లో అది మాన్యసంఘంగా మారింది. అంతకు ముందు ఏడాదే ఇసామియా బజారులోనూ లింగంపల్లిలోనూ దళిత బాలలకు బడులు తెరిచాడు. బోధన తెలుగులో సాగేది. ఆ బడుల సంఖ్య క్రమంగా 26కు చేరింది.

నగరంలో తెలుగు మాధ్యమ విద్య చరిత్ర రాసేటప్పుడు ఈ బడులను చివర్లో, ఒక ఉదార కార్యక్రమం అన్నట్టు ప్రస్తావించడం రివాజు. కాలక్రమాన్ని బట్టి చూస్తే వాటిని ముందుకు తేవాలి. 1928లో మొదలైన నారాయణగూడ తెలుగు బాలికల పాఠశాలకంటే పద్దెనిమిదేళ్ల ముందే, రాజ్యం పట్టించుకోని పిల్లలకు వారి సొంత భాషలో అక్షరాలు నేర్పినవాడు భాగ్యరెడ్డి వర్మ. 1917లో బెజవాడలో జరిగిన తొలి పంచమ మహాసభకు అధ్యక్షత వహించినప్పుడు, దళితులకు అప్పట్లో వాడిన పంచములన్న మాటను నిరాకరించి, తాము ఈ నేలకు తొలి వారసులమని వాదించాడు. ఆ సభ అక్కడికక్కడే ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. 1931 జనాభా లెక్కల్లో తమవారిని ఆది హిందువులుగా నమోదు చేయించడానికి నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించాడు. అదే కాలంలో భాగ్యనగర్ అనే పత్రిక నడిపి, అందులో 'వెట్టి మాదిగ' అనే రచనను ప్రచురించాడు. తెలుగులో దళితుడు దళిత జీవితం గురించి రాసిన తొలి కథగా దానిని ఇప్పుడు విమర్శకులు గుర్తిస్తున్నారు. 1939లో, 51 ఏళ్లు నిండకుండానే మరణించాడు. ఈ వ్యాసంలో ప్రస్తావించినవారందరిలోనూ చేసిన పనికీ దక్కిన పేరుకూ మధ్య ఎక్కువ అంతరం ఉన్నది ఈయన విషయంలోనే.

1921 నవంబరులో వివేకవర్ధని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ జరిగింది. పుణె నుంచి వచ్చిన మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఒక తీర్మానం మీద మాట్లాడడానికి న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గేలి, చప్పట్లు, అల్లరి చెలరేగాయి. ఆయన మాట పూర్తి చేయలేకపోయాడు. అక్కడ ఉన్న తెలుగువారు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు.

అవమానం నుంచి పుట్టిన సంఘాలు సాధారణంగా ఆ వేడి చల్లారగానే ఆగిపోతాయి. ఇది ఆగకపోవడానికి కారణం, దానికి మాడపాటి హనుమంతరావు వంటి కార్యదర్శి దొరకడం. ఆయన గట్టిగా మాట్లాడే నాయకుడు కాడు. ఉర్దూలో మంచి పట్టున్నవాడు, ముషీరె దక్కన్ పత్రికలో సంపాదకీయ బాధ్యతలు చూసినవాడు, న్యాయవాది. ప్రభుత్వానికి కోపం రాకుండా ప్రభుత్వం చేత పని చేయించడం ఎలాగో ఆయనకు తెలుసు. వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా నిజాం ప్రభుత్వమే ఎప్పుడో జారీ చేసి మరచిపోయిన ఫర్మానాలను వెలికితీసి, తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి గ్రామాలకు పంపడం ఆ సంఘం చేసిన తెలివైన పనుల్లో ఒకటి. చట్టం ఏం చెబుతున్నదో రైతుకు తెలియజేయడాన్ని రాజద్రోహమనడం ఎవరికీ వీలుకాదు. 1923లో కొమర్రాజు మరణించాక, ఆయన పేర పరిశోధక మండలిని ఏర్పరచి, ఆదిరాజు వీరభద్రరావు వంటి పండితుల చేత తెలంగాణ శాసనాలను సేకరింపజేసింది కూడా ఈ సంఘమే. అక్కడి నుంచి 1930లో జోగిపేటలో తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ, దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగాయి. ఆ మహాసభ 1944లో భువనగిరిలో చీలి, రైతాంగ పోరాటం వైపు సాగడం వేరే పెద్ద కథ.

మాడపాటి చేసిన పనులన్నింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1928లో నారాయణగూడలో మొదలైన ఆంధ్ర బాలికా పాఠశాల. అక్కడ ఎదురైన చిక్కు విచిత్రమైనది. బడి తెలుగులో నడుస్తుంది, కాని ఉన్నత తరగతులకు రాజ్యంలో గుర్తింపు కావాలంటే ఉర్దూలోనో ఇంగ్లీషులోనో బోధించాలి. తెలుగులో చదివిన ఆడపిల్లకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థ నిజాం రాజ్యంలో ఒక్కటీ లేదు. అందుకని ఆయన పాఠశాలను పుణెలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. ఏడేళ్ల క్రితం తెలుగు ఉపన్యాసం ఎగతాళి పాలైన సభకు అధ్యక్షుడిగా ఉన్న మనిషి నెలకొల్పిన విద్యాపీఠమే, నగరంలోని తెలుగు ఆడపిల్లల చదువుకు గుర్తింపునిచ్చింది. మరాఠీవారి మీద కక్షతో నడిచిన ఉద్యమంగా ఆంధ్రోద్యమాన్ని చిత్రించేవారు ఈ సంగతిని పట్టించుకోరు. 'స్వర్ణకమలాలు' సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఇల్లిందల సరస్వతీదేవి వంటి రచయిత్రులు, 1930లలో ఆమె పాలుపంచుకున్న ఆంధ్ర యువతీ మండలి వంటి సంస్థలు ఈ వాతావరణం నుంచి ఎదిగినవే.

గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఆయన నగర జీవితంలోని ఒక పార్శ్వాన్ని మాత్రమే ప్రస్తావిస్తాను. ఆయన్ను పాలమూరు ప్రాంతం నుంచి రాజధానికి తెచ్చి నిలబెట్టింది రెడ్డి హాస్టలు. 1918లో దానిని స్థాపించడంలో ముందున్న రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి నగర కొత్వాలు. అంటే నగర పోలీసు అధిపతి. ఏడవ నిజాముకు నమ్మకస్తుడైన ఆ అధికారి, మరొక పక్కన తెలుగు విద్యార్థులకు వసతి, తెలుగు పత్రికకు సాయం సమకూర్చాడు. 1926 మే 10న గోల్కొండ పత్రిక వెలువడడం అటువంటి పలుకుబడి గలవారి తోడ్పాటు లేకపోతే సాధ్యమయ్యేది కాదు. వార్తలు రాయడం, వ్యాసాలు రాయడం, ప్రూఫులు దిద్దడం దాదాపు అన్నీ సురవరమే చేసేవారు. ఒక్కరే ఇంతమందిగా కనిపించడానికి చిత్రగుప్త, భావకవి రామమూర్తి వంటి మారుపేర్లు పెట్టుకున్నారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు అన్న మాటకు ఆయన పత్రికలో వాదోపవాదాలు నడిపి ఊరుకోలేదు. జిల్లాజిల్లా నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. దానిలో కవిత్వపు నాణ్యత అంతటా ఒకేలా లేదన్నది నిజమే. అయితే ఆ సంపుటి కవిత్వ పోటీ కోసం వెలువడలేదు. అది ఒక జనాభా లెక్క.

ఈ వరుసలో ఉర్దూను తెలుగుకు ఎదురుపక్షంగా చూపిస్తే నగరానికి అన్యాయం చేసినట్టవుతుంది. 1927లో రయ్యత్ అనే ఉర్దూ పత్రికను స్థాపించి, రైతుల పక్షాన ప్రభుత్వాన్ని విమర్శించినవాడు మందుముల నరసింగరావు. ఆ పత్రికను ప్రభుత్వం మూయించాక, అందులో పనిచేసిన యువ పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే దినపత్రికను మొదలుపెట్టాడు. బూర్గుల రామకృష్ణారావు వంటివారు సాయపడ్డారు. రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టి, హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని ఉర్దూలో, ముస్లిం సంపాదకుడిగా రాయడం ఆ రోజుల్లో ఎంతటి సాహసమో వేరే చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా, కాచిగూడ పరిసరాల్లో దుండగులు ఆయన మీద దాడి చేసి, రాసే చేతిని నరికివేశారు. తెల్లవారేసరికి ఆయన మరణించాడు. వయసు ఇంకా 28 నిండలేదు. భారత సైన్యం రాజ్యంలో ప్రవేశించింది సెప్టెంబరు 13న.

ఆ తరువాత ఈ పరిసరాల మనుషులు కొందరు అధికార స్థానాల్లోకి వెళ్లారు. మాడపాటి 1951లో నగర మేయరు అయ్యారు. బూర్గుల 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. సురవరం అదే ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి, మరుసటి ఏడాదే మరణించారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగుకు వచ్చిన మొదటి అకాడమీ పురస్కారం అదే. కిర్క్‌పాట్రిక్ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఇప్పుడు ఆ ఆవరణలో ఉన్నది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. సరోజినీ నాయుడి గురించి, ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ గురించి, మఖ్దూం మొహియుద్దీన్ గురించి ఇక్కడ రాయకపోవడం కావాలని చేసినదే. వారి ఇళ్లు, వారి సభలు ఈ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నా, వారి కథ మరొక భాషలో, మరొక స్నేహబృందంలో నడిచింది. అది వేరొక టపాకు సరిపడేంత ఉంది.